గేటు కాడ అమ్మ

బుజ్జమ్మకి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కొడుకు ఇంగ్లీషు నేర్చుకుని, ఏదో ఒకనాడు తనని చూసి సిగ్గుపడతాడేమోనని. ఆ రోజు వాడు ఏ కాలేజీలోనో చదివేటప్పుడు వస్తుందనుకుంది. ఒకటో తరగతిలోనే వచ్చేసింది.

"అమ్మా, నువ్వు లోపలికి రావద్దు. క్యారేజీ గేటు కాడ పెట్టి పో" అన్నాడు యల్లమంద, పొద్దున్నే తల్లి చేత బూట్లు తొడిగించుకుంటూ.

ఎందుకురా అంటే ముందు చెప్పలేదు. గడ్డం పట్టుకుని అడిగితే, అక్కడ అందరికీ మమ్మీలున్నారని, నీకు కాళ్ళకి చెప్పులు కూడా ఉండవని గొణిగి రిక్షా ఎక్కేశాడు. నాపరాళ్ళ లారీ తోలే మొగుడు హనుమంతుకి చెబితే, ఇంగ్లీషు రావాలంటే ఆ మాత్రం సిగ్గు కూడా రావాలిలే అని నవ్వి తన దారిన తాను పోయాడు.

ఇక బుజ్జమ్మకి కాలు నిలవలేదు. పొయ్యి మీద పప్పు మాడింది. చీర మార్చింది, మళ్ళీ విప్పి పాతదే కట్టుకుంది. పక్కింటి సుశీలక్క చెప్పులు అడిగి తెచ్చుకుంది, నాలుగడుగులు వేసి కాళ్ళకి పట్టక తిరిగిచ్చేసింది. అన్నం బెల్లు కొట్టకముందే క్యారేజీ పట్టుకుని, గురజాల ఎండలో ఉత్త కాళ్ళతో కాన్వెంటుకి వెళ్ళింది. గేటు దగ్గర ఆగలేదు.

ఆ కాన్వెంటు పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ జార్జి దొర బడే కదా అంటాయి. తెల్లదొర పాఠం చెప్పే బడి ఆ చాయల ఇంకోటి లేదు. దొరకి మన ఎండ పడదు. అందుకని ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా, నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు. తెలుగు ముక్క రాదు. ఇంగ్లీషు కూడా పొదుపుగానే మాట్లాడతాడు. సిట్, స్టాండ్, వెరీగుడ్. అసలైన దొరలు అంతేనని, వాగేదంతా మనవాళ్ళేనని కరస్పాండెంటు అంకారావు తల్లిదండ్రులకి సర్దిచెబుతుంటాడు. గోంగూరలో ఎండుమిరపకాయ నంజుకుని కూడా దొర నోరు ఊదుకోడని, మనలో కలిసిపోయాడని బడి ఆయా ఊరంతా చెప్పుకుంటుంది.

అంకారావు వరండాలోనే అడ్డం వచ్చాడు.

"ఏందమ్మా ఇది, క్లాసు జరుగుతుంటే? గేటు కాడ పెట్టమన్నాం గదా."

"పెట్టను సార్. దొరగారిని ఒక మాట అడిగి పోతా."

"ఆయనకి తెలుగు రాదు."

"మరీ మంచిది. తిట్టినా తెలియదు."

గొడవ విని దొర గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక బెంచీ మీద యల్లమంద తల్లిని చూసి తల దించేసుకున్నాడు. అది కంటపడగానే బుజ్జమ్మ అంకారావుని తప్పించుకుని గుమ్మం ముందుకొచ్చింది.

"దొరా, ఏడాది నుంచీ మావోడు నీ కాడ చదువుతున్నాడు. వాడికొచ్చిందేంది? కన్నతల్లిని చూసి తల దించుకోవటం. నేను ఏడుతో బడి మానేశా, నాకేం రాదు. నీకూ ఒక అమ్మ ఉండే ఉంటది. ఆమె చెప్పుల్లేకుండా నడిచొస్తే, నువ్వు కూడా గేటు కాడ నిలబెడతావా?"

దొర చొక్కా కాలరు చెమటకి తడిసిపోయింది. అంకారావు మధ్యలో దూరి ఇంగ్లీషులో ఏదో సర్దబోతే, బుజ్జమ్మ అతని వైపు చూడను కూడా చూడలేదు. రేపే పిల్లోణ్ణి రొంపిచెర్లలో మా అమ్మ కాడికి తీసుకుపోయి సర్కారు బళ్ళో వేస్తానని చెప్పి, క్యారేజీ వరండాలో పెట్టి వెనక్కి తిరిగింది.

సందు మలుపు తిరిగిందో లేదో, వెనక బూట్ల చప్పుడు. దొర యల్లమందని చెయ్యి పట్టుకుని గబగబా తీసుకొస్తున్నాడు. పిల్లాడి చెయ్యి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"మదర్" అన్నాడు.

యల్లమంద ఆ చెయ్యి విడిపించుకోలేదు. తల్లి కొంగులో మొహం దాచుకుని వెక్కుతున్నాడు.

దొర అటూ ఇటూ చూశాడు. సందులో ఇంకెవరూ లేరు. నల్లద్దాలు తీశాడు. ఆ కళ్ళు బుజ్జమ్మ కళ్ళలాగే నల్లగా ఉన్నాయి.

"అక్కా, ఎవరికీ చెప్పమాక. రొంపిచెర్ల పక్కన పల్లె మాది. నా పేరు పిచ్చియ్య. ఇది దొరల తెలుపు కాదు, బొల్లి. చేతి మీద నాలుగు మచ్చలు లేచినప్పుడే ఇల్లొదిలి వచ్చా, చెల్లెలి సంబంధం చెడుద్దని. ఒళ్ళంతా తెల్లబడ్డాక అంకారావు గారు దొరని చేశారు. మా అమ్మ నాగమ్మ. ఎట్లా ఉందో ఒకసారి చూసి రా."

బుజ్జమ్మ మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది, కొడుకుని దొర బళ్ళోనే దింపి మరీ. ఆ పల్లెలో నాగమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. కూతురి పెళ్ళి అయిపోయిన దగ్గర్నుంచీ ఆమె కొడుకుని వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతోందని, ఇప్పుడెక్కడుందో తెలియదని ఎదురింటివాళ్ళు చెప్పారు.

మాచర్లలోనో, కారంపూడిలోనో, నరసరావుపేట బస్టాండులోనో ఒక ముసలమ్మ మీ దగ్గరికి వచ్చి, "అయ్యా, నా కొడుకు నల్లగా, పొడుగ్గా ఉంటాడు, చేతి మీద నాలుగు తెల్లమచ్చలుంటాయి, ఎక్కడన్నా చూశారా" అని అడిగితే, ముందు ఆమె అన్నం తిన్నదో లేదో కనుక్కోండి, తర్వాత గురజాల బస్సెక్కించి దొరగారి కాన్వెంటు గేటు కాడ దించమని చెప్పండి.