ఎనిమిది జీబీల కార్డు

"ఫార్మాట్ చెయ్యాలా అనడుగుతోంది కదా, చేసెయ్!" అన్నాడు కన్నబాబు సెల్ షాపు విజయేందర్‌తో. పాటల కోసమని భార్య దేవిక ఫోన్లోంచి లాక్కున్న మెమరీ కార్డు అతని పాత ఫోన్లో ఉంది.

పక్కనే దేవిక బిగుసుకుపోయింది.

"ఇది ఎనిమిది జీబీలదన్నా. నీ ఫోను రెండు జీబీలు దాటితే తీసుకోదు," అంటూ విజయేందర్ దాన్ని తన ఫోన్లో వేశాడు. అన్నీ రికార్డింగులే. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకటి విన్నాడు. కన్నబాబు కేకలు, ఏదో పగిలిన చప్పుడు, "కొట్టకండి" అంటూ దేవిక ఏడుపు.

"ఏటుందందులో?" అడిగాడు కన్నబాబు.

"ఏమొస్తలేదన్నా. ఖరాబైంది. గ్యారంటీల మారుస్తా, ఈడ్నే ఉండనీ."

విసుక్కుంటూ కన్నబాబు బండి తీయడానికి వెళ్లాడు.

విజయేందర్ గొంతు తగ్గించాడు.

"కార్డు మంచిగుందక్కా. నువ్వు తప్ప ఎవ్వలొచ్చినా ఇయ్య."