ఐదంతస్తుల గూడు

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకి ఇరవై దాకా గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. అన్నీ ఒక్క గది గూళ్లే. బంగారయ్య అనే గిజిగాడి కంటికి మాత్రం అవి ఆనలేదు. "నేను కట్టేది దేవుడి కంట్లో పడాలి" అని నడుం బిగించి, ముక్కు అరిగేలా గడ్డిపోచలు అల్లి అల్లి ఐదంతస్తులు లేపాడు. పై అంతస్తంతా దేవుడి గదే. చెట్టు చెట్టంతా నోరెళ్లబెట్టింది.

గిజిగాళ్లలో గూడు మగవాడు కడతాడు. ఆడది వచ్చి చూసి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. ఓ పొద్దున నూకాలు చూడ్డానికొచ్చింది. గూడు పట్టుకుని గుంజింది. గట్టిగానే ఉంది. బంగారయ్య ఛాతీ ఉబ్బింది. ఆమె ఐదంతస్తులూ ఎక్కి దిగింది.

"అంతా బాగుందయ్యా. మరి గుడ్లెక్కడ పెట్టను?"

బంగారయ్య ఐదంతస్తులూ మళ్లీ ఓసారి చూసుకున్నాడు. గాలికో గది, ఊగడానికో గది అల్లాడు గానీ గుడ్ల మాటే మరిచాడు.

"పైన దేవుడి గది ఉందిగా! అంత ఎత్తున కడితే ఆయన రాడా?"

"ఎందుకు రాడు? గుడ్డులోంచే వస్తాడు. నీ ఇంట్లో ఆయనకే చోటు లేదు."

బంగారయ్య కాసేపు మూతి ముడిచాడు. తర్వాత తనే పక్కున నవ్వేసి, గూడంతా పీకేసి, పచ్చిగడ్డి తెచ్చి మెత్తగా ఒక్క గది అల్లాడు. నూకాలు గుంజి చూసి, లోపలికెళ్లి ఉండిపోయింది.

ఆ వానాకాలం ఆ గదిలోకి దేవుడు ముగ్గురై దిగాడు. మూడు నోళ్లూ తెరుచుకుని ఆకలని ఒకటే గోల. నైవేద్యానికి పురుగులు మోసి మోసి, బంగారయ్యకి పైకి చూసే తీరికే దొరకలేదు.