మందాకు పులుసు

"ఇంకో కిలో తగ్గిందంటే మందు ఎక్కించడం ఆపేయాల్సిందే తాతా. ఆ ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు," అంది డాక్టరమ్మ.

ప్రయూన్ గుండెల్లో రాయి పడింది. పక్క కుర్చీలో ఉన్న అతని భార్య చన్‌హోమ్ మాత్రం, ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు గోళ్లు చూసుకుంటోంది. క్యాన్సర్ మందు మొదలైనప్పటి నుంచీ ఆమెకు నోరు చచ్చిపోయింది. జిగురన్నం ముద్ద చేసి నోటిదాకా తెస్తే చాలు, మొహం తిప్పేసుకుంటుంది.

డాక్టరమ్మ ఆలోచించి మూడు గంజాయి మొక్కలు ఇప్పించింది. అక్కడి చట్టం ప్రకారం రోగి పేరు నమోదు చేయించి ఇంట్లోనే పెంచుకోవచ్చు.

"లేత ఆకులు నాలుగు కోడి పులుసులో వేసి పెట్టండి. ఆకలి పుడుతుంది. ఊరందరికీ పంచిపెట్టకండేం! అది ఆవిడ మందు."

ప్రయూన్ మొక్కలు పెరట్లో నాటాడు. కొన్నాళ్లకు, పట్టిన ముసురు వెలిశాక, చుట్టూ నీలం వల కట్టాడు. వలకు తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి నడుముకు చుట్టుకున్న గళ్ల తుండులో దాచాడు.

"నన్నన్నా చూడనివ్వవా? నా మందేగా!" అంది చన్‌హోమ్.

"రోగి కళ్లు పడితే మందు పనిచెయ్యదు."

"ఎవరు చెప్పారు?"

"పెద్దవాళ్లు."

"ఏ పెద్దవాళ్లు?"

"పోయారులే. అడగడానికి లేరు."

చన్‌హోమ్ వంట చేసే ఓపిక లేక మంచం పట్టింది. పెళ్లయి మనవలు పుట్టినా పొయ్యి ఎటువైపు ముట్టించాలో తెలియని మనిషి ప్రయూన్. అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే కోడిని కోశాడు, నిమ్మగడ్డి దంచాడు, వేలు కాల్చుకున్నాడు, పొయ్యిని తిట్టాడు. చివరికి ఒక గిన్నెడు పులుసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఒక గుటక వేసింది. కాసేపు అతని మొహంలోకి చూసింది.

"పులుపెక్కువైందే!"

"మొదటిసారి కదా, చెయ్యి జారింది. తాగు, తాగు."

రెండో గుటక వేసింది. ఆ తర్వాత జిగురన్నం బుట్ట దగ్గరికి లాక్కుంది. ముద్ద చేసి పులుసులో ముంచింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి ప్రయూన్ అక్కడ లేడు. పెరట్లో నిలబడి తుండుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. అంత ఆనందం అతనికి కొడుకు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

అప్పటినుంచి రోజూ అదే పులుసు. ఆమె రోజూ వంక పెట్టేది, రోజూ గిన్నె ఖాళీ చేసేది.

పక్కింటి సైబువా పట్నంలో పుట్టి పెరిగి, ఈ ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. ఆమె కన్ను వల మీద పడింది.

"పెదనాన్నా, ఒక్క ఆకు ఇద్దూ. మోకాళ్లు పీకేస్తున్నాయి."

"ఇవ్వకూడదు. డాక్టరమ్మ వద్దంది."

"అబ్బో! ఆకుకు కూడా పిసినారితనమే!"

ఒకరోజు ప్రయూన్ కోడి కోసం సంతకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సైబువా వాకిట్లో వెదురు బల్ల మీద పడి దొర్లుతూ నవ్వుతోంది. పక్కన ఖాళీ గిన్నెలు రెండు. కుండలో పులుసు సగమైంది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"పెదనాన్నోయ్! ఇల్లు ఊగుతోంది! నేను తేలిపోతున్నా! పట్టుకో నన్ను!"

ప్రయూన్ నోరెళ్లబెట్టాడు. కుండ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"నిజంగానా?"

"నిజంగానా ఏంటి? చూడు నా మోకాళ్లు!" అని సైబువా లేచి, చేతులు తిప్పుతూ చిందులేసింది. "నొప్పి ఎగిరిపోయింది! ఏం ఆకయ్యా ఇది!"

చన్‌హోమ్ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "ఇంకో గిన్నె పొయ్యవయ్యా దానికి, పైకప్పెక్కి పాడుతుంది," అంది. ఎన్ని నెలలైందో ఆమె అలా నవ్వి. సైబువా మీద కోపం తెచ్చుకుందామన్నా ప్రయూన్‌కు రాలేదు. కానీ మర్నాడు ఆ తాళానికి తోడు ఇంకో తాళం వేశాడు. ఊరంతా పెరట్లోకి వచ్చిందంటే కొంప మునిగిపోదూ!

మళ్లీ ఆసుపత్రికి వెళ్లే రోజు వచ్చింది. చన్‌హోమ్ తూకం మీద నిలబడింది. ప్రయూన్ వంగి ముల్లు వైపు చూశాడు.

రెండు కిలోలు పెరిగింది.

డాక్టరమ్మ లేచి వచ్చి చన్‌హోమ్ భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఇంక భయం లేదు బామ్మా! ఈ వారమే మందు ఎక్కిద్దాం." తర్వాత ప్రయూన్ వైపు తిరిగింది. "తాతా, వచ్చేసారి మీ మొక్క కొమ్మ ఒకటి తెచ్చివ్వండి. మీ ఆకులో ఏం మహిమ ఉందో పరీక్ష చేయించి, మిగతా రోగులకూ చెబుతాను."

ప్రయూన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. సరేనన్నట్టు తలాడించాడు. ఎలా ఆడించాడో అతనికే తెలియదు.

ఊరికి తిరిగొచ్చే బండిలో అతను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. చన్‌హోమ్ ఆసుపత్రి గేటు దగ్గర కొన్న కాల్చిన అరటిపండు తింటోంది. సగం విరిచి అతనికిచ్చింది. అతను తీసుకుని అలాగే చేతిలో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఆ మొహమేంటి? డాక్టరమ్మ కొమ్మ అడిగినందుకా?"

"అబ్బే, అదేం లేదు."

చన్‌హోమ్ బండిలో ఎవరూ వినడం లేదని చూసుకుని, అతని చెవి దగ్గరికి వంగింది.

"వానకు నీ మందు మొక్కలు కుళ్లిపోయాయనీ, నువ్వు కాలవగట్టున కోసుకొచ్చి వండేది గోగాకేననీ, పడుచుతనమంతా గోగునార తీసినదాన్ని, మొదటి గుటకలోనే పోల్చానయ్యా, కానీ పెళ్లయ్యాక మొదటిసారి గరిటె పట్టావు, చెబితే ఎక్కడ మానేస్తావోనని నోరు మూసుకుని తిన్నాను!"