పడవకు పన్నెండో వంక

"ఇది కాదమ్మాయ్," అన్నాడు ఫోక్ తాత, కొత్త పడవ ముందున్న డ్రాగన్ తలని చేతికర్రతో తట్టి. "మెడ చూడు, పక్కింటివాళ్ళతో పేచీ పెట్టుకుని మూతి తిప్పుకున్నట్టుంది."

యుక్‌లాన్ పళ్ళు బిగించింది. ఇది పదకొండో వంక.

"పోయిన వారం అటు తిప్పమన్నది మీరే కదా తాతా?"

"అన్నాను. అంత తిప్పమన్నానా?"

కాలువ ఒడ్డున లీచీ పళ్ళు ఒలుచుకుంటున్న తెడ్డువాళ్ళు ముప్పైమందీ గొల్లుమన్నారు. యుక్‌లాన్ మేకు వదులు చేసి, తలని రెండు వేళ్ళంత ఇటు జరిపింది. తాత ఒక కన్ను మూసి చూశాడు. "ఊఁ. ఇప్పుడు రాజీ పడ్డట్టుంది."

ఆమెకి పడవని అక్కడే వదిలేసి బస్సెక్కి పోవాలనిపించింది. పోలేదు. ఆరేళ్ళపాటు పెద్ద షిప్‌యార్డులో కూర్చుని సరుకు ఓడల మరుగుదొడ్లకి గొట్టాల బొమ్మలు గీసింది. తన బుర్రలోంచి, తన పేరుతో నీళ్ళలోకి దిగిన మొదటి పడవ ఇదే. పడవ నచ్చిందని ఊరి తరఫున ఫోక్ తాత కాగితం మీద ఎర్రముద్ర వేస్తే, కాలువ పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ ఆమెనే పిలుస్తాయి. వెయ్యకపోతే సోమవారం మళ్ళీ గొట్టాలే. పడవ పందేల పండగ ఇంకా ఎనిమిది రోజులుంది.

ఈ ముసలాయనేమో ముద్రని చొక్కా జేబులో దాచుకుని మూడు నెలలుగా ఆమెని తిప్పుతున్నాడు. తోక పొట్టిగా ఉందన్నాడు. డోలు కొట్టేవాడి పీట ఎత్తన్నాడు. "పట్నం పెళ్ళికూతురిలా ఈ సన్న నడుమేమిటి, ముప్పైమంది మగాళ్ళని మోస్తుందా?" అన్నాడు. ఎందుకు మోస్తుందో పద్నాలుగు పేజీల లెక్కలు వేసి ఇస్తే, మడిచి టీ కెటిల్ కింద పెట్టుకున్నాడు. అన్నిటికన్నా కర్ర దగ్గర ఆమెకి పిచ్చెక్కింది. తేలికైన కర్ర వాడతానంటే ససేమిరా అన్నాడు. నీళ్ళలో వేస్తే రాయిలా అడుక్కి పోయే నల్లకర్రే కావాలట!

"మునిగే కర్రతో పడవేమిటి తాతా?"

"మా పడవలన్నీ దానితోనే."

"ఎందుకని?"

"అదంతే."

చివరికి ఆ నల్లకర్రే వాడింది.

"సరే, పాతదాన్ని కూడా దింపండిరా," అన్నాడు తాత ఇప్పుడు తెడ్డువాళ్ళ వైపు తిరిగి. "రెంటినీ ఉరికించి చూద్దాం."

ఊరివాళ్ళ పాత పడవ పక్కనే ఉంది. తొంభై ఏళ్ళదట. ఎంత కడిగినా దాని చెక్కల సందుల్లో నల్లటి బురద ఇంకా మెరుస్తూనే ఉంది. యుక్‌లాన్‌కి ఒళ్ళు మండింది. తన పడవకేమో వెంట్రుకంత తేడా వస్తే పనికిరాదు, వాళ్ళదాన్నేమో ఇలా ఉంచుకుంటారు.

"దీనికో షెడ్డు వేయించకూడదూ? ఎలా ఉందో చూడండి!"

"దాని చోటు దానికుందిలే," అన్నాడు తాత.

డోలు మోగింది. చెరి పదిహేనుమంది ఎక్కారు. వంతెన దాటేసరికే కొత్త పడవ రెండు పడవల పొడుగంత ముందుంది. వెనక్కి వచ్చేసరికి ఒడ్డున ఆడవాళ్ళు గిన్నెలు వాయిస్తున్నారు. డోలు కొట్టే కియుంగ్ పీట మీదే ఎగిరి గంతేశాడు. "తాతా, ఇది పడవ కాదు, పాము! ఇంకా నసిగావంటే నిన్నే కాలువలో పడేస్తాం!"

తాత బోసినోరు సాగింది. జేబులోంచి ముద్ర బయటికొచ్చింది. ఎర్రసిరా డబ్బీ మూత తీశాడు.

యుక్‌లాన్ ఇక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ మూడు నెలల ఉక్రోషం ఆగనివ్వలేదు.

"ఆగండి తాతా. అసలు సంగతి మీరింకా చూడనే లేదు. మీ కెటిల్ కింద కాగితంలో రాశాను, చదివితేగా! ఒరేయ్ తమ్ముళ్ళూ, అందరూ దీంట్లోకే ఎక్కండి. పడవలోకి నీళ్ళు తోడి పోయండి!"

బకెట్లు, తెడ్లు, చేతులు, ఏది దొరికితే దానితో పోశారు. పడవ అంచుదాకా నిండింది. ముప్పైమందీ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డారు. పడవ మాత్రం కాస్త కిందికి దిగి, అక్కడే ఆగిపోయింది.

"ముందోటి, వెనకోటి గాలి అరలు పెట్టించాను," అంది యుక్‌లాన్, చేతులు నడుమున పెట్టుకుని. "చీమ దూరే సందు లేదు. మీరు మునిగే కర్రే కావాలన్నారు, నేను మునగని పడవ చేశాను. ఈ ఊళ్ళో ఏ తల్లీ ఇక పందెం రోజున గుండె చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడక్కర్లేదు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పడవలో నిలబడ్డ ముప్పైమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కియుంగ్ నెమ్మదిగా పీట దిగాడు.

"మునగదా?" అన్నాడు తాత.

"మునగదు."

"రాళ్ళు నింపినా?"

"రాళ్ళు నింపినా, బురద నింపినా తేలుతూనే ఉంటుంది!"

తాత ముద్రని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడేమైంది తాతా?" యుక్‌లాన్ గొంతు కీచుమంది. "మునగకపోవడం కూడా తప్పేనా?"

తాత చేతికర్రతో పాత పడవ సందుల్లోని బురదని చూపించాడు.

"పండగ అయిన మర్నాడు పడవని కాలువలో ముంచి, అడుగున బురదలో పాతిపెట్టి, వచ్చే ఏడాది దాకా నిద్రపుచ్చుతామమ్మా. ఎండ తగలకుండా అలా పడుకోబట్టే అది తొంభై ఏళ్ళు బతికింది. ఇంటికెళ్ళి బరమా తెచ్చుకో తల్లీ... నీ గాలి అరలకి రెండు చిల్లులు పెట్టు, వెంటనే ముద్ర వేసేస్తాను!"