కొండదేవత చలవ

"ఏవండీ, ఉండలు కట్టకుండా కలపండి. ఎవరైనా పసిగడితే సత్రం మూసుకోవాల్సిందే," అంది ఫుసయె.

అగ్నికొండ కింద వాళ్ల వేడినీటి ఊట పోయినేడే ఎండిపోయింది. ఆమె మొగుడు తెత్సుజి కుళాయినీళ్లు కాచి, స్నానాల తొట్టిలో ఊటనీళ్ల వాసన రావడానికి గంధకం పొడి కలుపుతున్నాడు.

ఫుసయె అటు వెళ్లగానే అతిథి వచ్చాడు. ముందు ఒళ్లు రుద్దుకుని, తలమీద తువ్వాలు మడిచి పెట్టుకుని, పాలలాంటి నీళ్లలోకి మెడదాకా దిగాడు.

"మోకాలి నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందండీ," అన్నాడు కళ్లు మూసుకుని.

"అంతా మా కొండదేవత చలవండీ," తెత్సుజి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

అతిథి ఒక కన్ను తెరిచి, గొంతు తగ్గించాడు.

"పక్క లోయలో మాదీ సత్రమే. మా ఊటా ఎండిపోయింది. మా దేవతకి మాత్రం ఇంత ఘాటు రావట్లేదు. మీ దేవతని ఏ కొట్లో కొంటారో కాస్త చెబుదురూ."