కొండ దిగిన పిల్ల

వేలిముద్రల యంత్రం మళ్ళీ ఎర్రదీపం వెలిగించి కీచుమంది.

"వేలు శుభ్రంగా తుడుచుకుని పెట్టమ్మా," అంది ఒబుయా మేడమ్. పరీక్ష హాలు గుమ్మానికి అడ్డంగా బల్ల వేయించుకుని కూర్చుందావిడ. వేరే శాఖ నుంచి డ్యూటీకి వచ్చిన మనిషి, ఇక్కడ ఎవరి మొహమూ ఎరగదు.

ముథేవు చూపుడువేలు స్వెట్టరుకు తుడుచుకుని మళ్ళీ ఆనించింది. ఎర్రదీపమే.

"ఇంకెక్కడి వేలు మేడమ్! లుకెన్యా కొండ ఎప్పుడో తినేసుంటుంది," అన్నాడు వెనక వరుసలో ఒకడు. అందరూ గొల్లున నవ్వారు. సివిల్ ఇంజినీరింగులో ఈ పిల్లను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. బల్లి అంటే అందరికీ తెలుసు.

మేడమ్ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఓహో, బండలెక్కుతావా? రాళ్ళకేసి వేళ్ళు అరగదీసుకుని, ఇప్పుడొచ్చి యంత్రాన్ని ఆడిపోసుకుంటే ఎలా?"

"మానేశాను మేడమ్. ఈ టర్మంతా కొండ మొహం చూడలేదు. ఒట్టు."

"దొరికినవాళ్ళందరూ ఒట్లే వేస్తారు."

ముథేవు సంచిలో గుర్తింపు కార్డు కోసం వెతికింది. మానేసిందన్నది నిజం. ముందు చర్చిలో పాటల బృందం మానేసింది. ఆ తర్వాత ఫుట్‌బాల్ మానేసింది. రెండింటినీ పళ్ళబిగువున వదులుకుంది గానీ, కొండను వదులుకున్న రోజున మాత్రం ఎవరో చనిపోయినట్టు మంచానికి అడ్డంపడి ఏడ్చింది. ఏం చేస్తుంది? ఈ పేపరు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ పోతే యూనివర్సిటీ పేరు కొట్టేస్తుంది. అందుకే బూట్లూ తాడూ తనతో కొండలెక్కే ముసెంబి చేతిలో పెట్టేసి, లైబ్రరీలో కుర్చీకి అంటుకుపోయింది. ఈసారి పుస్తకంలో ఏ పేజీలో ఏ లెక్క ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పెన్ను పట్టుకోవడమొక్కటే తరువాయి.

"ఇదిగో మేడమ్, నా గుర్తింపు కార్డు. ఫోటో చూడండి."

"కార్డులు ఏ సందులోనైనా అచ్చు వేసిస్తారమ్మా. పోయినసారి ఒకరి పరీక్ష ఇంకొకరు రాసి వెళ్ళారు, అన్నీ అసలు కార్డుల్లాంటివే. అందుకే ఈసారి వేలు ఒప్పుకుంటేనే లోపలికి. లేకపోతే వైస్ ఛాన్సలర్ వచ్చి చెప్పినా నేను వదలను. పక్కకి జరుగు."

వరుస ఆమెను దాటుకుంటూ లోపలికి పోయింది. ఒక్కొక్కరికీ పచ్చదీపం. చూస్తూ నిలబడడం తప్ప ముథేవు చేయగలిగిందేమీ లేకపోయింది.

అందరికంటే చివర ముసెంబి, మతాతు వ్యాను దిగి పరుగెత్తుకొచ్చాడు. బండలెక్కేటప్పుడు చేతులకు రాసుకునే సుద్దపొడి ఇంకా జుట్టులో ఉంది. అతనూ ఈ పేపరు తప్పినవాడే, ఆ దిగులు మాత్రం లేనివాడు.

"ఏమే, ఇంకా బయటే ఉన్నావు?"

"యంత్రం నన్ను ఎరగనంటోంది."

"తడి గుడ్డతో తుడువు, ఎరుగుద్ది." జుట్టు దులుపుకుని, "నిన్న ఎక్కేశానే," అన్నాడు.

"ఏది?"

"మనదే."

ముథేవు అతని వేళ్ళవైపు చూసింది. ఏడాదిపాటు ఇద్దరూ కలిసి పడుతూ లేస్తూ వెతుక్కున్న దారి అది. అంతవరకూ ఎవరూ ఎక్కని బండ. ముందు ఎక్కినవాళ్ళే దానికి పేరు పెట్టాలి. ఆమె ఆ పేరు కూడా మనసులో దాచుకుంది.

"ఏం పేరు పెట్టావు?"

ముసెంబి చూపు తిప్పుకున్నాడు. "రానిపిల్ల."

కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది. ముసెంబి వేలు ఆనించాడు. చర్మం లేచిపోయి, మధ్యలో చీలి, చూడ్డానికే ఒళ్ళు జలదరించే వేలు. పచ్చదీపం ఠక్కున వెలిగింది.

"చూశారా మేడమ్!" ముథేవు బల్ల పట్టుకుని ముందుకు వంగింది. "ఆ వేలిని ఒప్పుకున్న యంత్రానికి నా వేలికేం రోగం?"

"ఈ పిల్ల ముథేవే మేడమ్," అన్నాడు ముసెంబి. "కింద నా తాడు పట్టుకున్న మనిషి. నా ప్రాణం ఎన్నిసార్లు ఈమె చేతిలో ఉందో!"

"నీ ప్రాణం సంగతి నాకెందుకయ్యా? పోయినసారీ స్నేహితులే సాక్ష్యం చెప్పారు. లోపలికి నడు."

అతను వెనక్కి చూస్తూనే వెళ్ళాడు. లోపల ప్రశ్నపత్రాలు పంచుతున్న చప్పుడు వినిపించింది. ముథేవు రెండు చేతులూ జోడించింది. "నాకిదే ఆఖరు అవకాశం మేడమ్. ఇంకొక్కసారి చూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఒబుయా మేడమ్ మనసు కాస్త మెత్తబడింది. యంత్రంలో ఏవో మీటలు నొక్కి, ముథేవు పేరు మీద ఉన్న వేలిముద్ర బొమ్మ తీసింది. "ఇది ఎప్పుడు వేశావు?"

"మొదటి ఏడాది మేడమ్. నేనూ ముసెంబీ కొండ దిగి నేరుగా వచ్చి వేశాం."

మేడమ్ ఆ బొమ్మను తేరిపార చూసింది. గీతలన్నీ అరిగిపోయి, అడ్డంగా తెగిన గాటు ఉంది. ఆ తర్వాత ముథేవు చేయి తన చేతిలోకి తీసుకుని, వేలు వెలుతురులోకి తిప్పింది. మెత్తటి కొత్త చర్మం, దిద్దినట్టున్న గీతలు, పక్కన చిన్న సిరా మరక.

ఆవిడ ఆ చేతిని నెమ్మదిగా వదిలేసి, తలుపు దగ్గరికి లాగుతూ అంది:

"ఇది పుస్తకాలు పట్టుకున్న పిల్ల వేలమ్మా. ఎవరి బదులు రాయడానికొచ్చావో గానీ, వెళ్ళి ఆ కొండలెక్కే పిల్లను పంపు."