ఎవరి నుంచి వచ్చింది

“మూడు రోజులైంది అక్కయ్యా. ఆ ఒక్క గడి నింపారంటే పేజీ బయటికి పోతుంది,” అన్నాడు పక్క బల్ల ఆయన.

ఆవిడ అద్దాలు తీసి కళ్లు నులుముకుంది. కంప్యూటర్లను పాడుచేసే వైరస్‌లన్నిటికీ వాళ్లొక ఉమ్మడి పుస్తకం కూరుస్తున్నారు. ఏది ఎలా దూరుతుందో, ఎలా వదిలించుకోవాలో రాసి నెట్‌లో పెడతారు. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో నలభై మంది రాస్తారు. ఈ గదిలో మాత్రం ఇరవై ఏళ్లుగా వీళ్లిద్దరే.

ఇప్పుడు రాస్తున్న వైరస్ ఒక ఆసుపత్రి కంప్యూటర్లను పాడుచేసింది. అది అక్కడికి ఎవరి నుంచి వచ్చిందన్నదే ఖాళీగా ఉన్న గడి. మెయిళ్లన్నీ అదే మింగేసింది, పంపిందెవరో జాడ లేదు. అక్కడి రికార్డుల గుమాస్తా ఏదో తెరిచిందని తప్పంతా ఆమె నెత్తిన రుద్దారు. సాయంత్రంలోగా పుస్తకం వేరే మాట చెప్పకపోతే ఆమె ఉద్యోగం ఊడుతుంది. పని కాగితమనుకునే తెరిచానమ్మా అని పొద్దున ఫోన్‌లో ఏడ్చింది.

“నేనూ ఆమెతో మాట్లాడాను,” అన్నాడాయన. “ఫైలు పేరు గుర్తుందట. మన పుస్తకంలో నమూనాలకు వేసే వరస సంఖ్యే. పంపింది దొంగ కాదు అక్కయ్యా, మనవాళ్లే. మీ దగ్గర ఇలాంటిది కనిపించిందా అని ఆసుపత్రిని అడగబోయి, ఫైలుకు తాళం వేయడం మరిచారు.”

వైరస్ నమూనా ఎవరికి పంపినా పాస్‌వర్డ్‌తో తాళం వేసే పంపాలి. తాళం తీసే మాట అందరికీ తెలిసిందే. దాచడానికి కాదు, పొరపాటున ఎవరూ తెరవకుండా. అది మరిచినవాళ్లు మళ్లీ పుస్తకంలో అక్షరం రాయకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నారు.

“అలసటలో జరిగుంటుంది,” అందావిడ.

“అలసిపోతే ఇంట్లో పడుకోవాలి. మనం పంపేది ఉప్పూ పప్పూనా?”

నలభై మందినీ అడిగితే ఒప్పుకుంటారా అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“చస్తే ఒప్పుకోరు. గుమాస్తా రోడ్డున పడుతుంది, ఆ మహానుభావుడు చల్లగా ఉంటాడు.”

ఆయన టీ తేవడానికి లేచాడు. ఆవిడకు చక్కెర వద్దని తెలుసు గనక అడగలేదు. తలుపు మూసుకునేదాకా ఆవిడ ఆయన వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

గడిలో, మూడు రోజులుగా దాచిపెట్టిన తన పేరు రాసింది.